నేలలో దాగిన హింస

పర్యూషణమున ప్రతిక్రమణకు కూర్చున్న చింతామణి వర్తకుడు తన మనస్సున ఇట్లు తలచుట కద్దు: “నా చేతితో ఎవరినీ చంపలేదు గదా, మిచ్ఛామి దుక్కడం దేనికి?” శాస్త్రము ఆ మాటతో తృప్తి చెందదు. తాను చేయుట, ఒకరిచేత చేయించుట, చేసినవానిని మెచ్చుట మూడును హింసయే. హింసకు పనిముట్టు నిచ్చుట అనర్థదండములలో నొకటి. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున ఆయుధముల అమ్మకమును విషవాణిజ్యములో చేర్చిరి. అంగడిలో కూర్చున్నవారికి ఇంతకంటె సూటియైన మాట వేఱొకటి లేదు.

2021 ఫిబ్రవరిలో చిక్కబళ్ళాపురము చేరువ హిరేనాగవల్లి యొద్ద జిలెటిన్ కడ్డీలు ప్రేలి ఆరుగురు మరణించిరి. అవి రాతిక్వారీ పనికైనవి. మనిషిపై గురిపెట్టినవి గావు. గోదాము బాడుగకిచ్చునపుడు అందేమి నిలువచేయుదురో అడుగుట కూడ శ్రావకునకు వ్రతములోని భాగమే. ఇక మనిషి అడుగుకొఱకే కాచుకొని యుండు మందుపాతర మాటేమి? యుద్ధము ముగిసి, పాతినవాడు ఇల్లు చేరి, ముసలివాడై మరణించినను అది నిద్రపోదు. బాగేపల్లి చేలవంటి చేనిలో వేరుసెనగ పెఱుకబోయిన బాలిక పాదము దానికి శత్రుపాదమే.

1997లో కుదిరి 1999 మార్చి 1న అమలునకు వచ్చిన అట్టావా ఒడంబడిక చదివినచో, తెలిసిన వ్రతమువలెనే తోచును. మనుష్యులను చంపు మందుపాతరలను వాడరాదు, చేయరాదు, దాచరాదు, ఇతరుల కీయరాదు; అట్టి పనికి తోడ్పడరాదు, ప్రోత్సహింపరాదు. నిలువలను 4 సంవత్సరములలో నాశనము చేయవలెను. పాతినవాటిని 10 సంవత్సరములలో వెలికి తీయవలెను. గడువు చాలనిచో సభ్యదేశముల యెదుట లెక్కలు చూపి వాయిదా కోరవలెను. బాకీ తీరకమునుపే ఖాతా మూయుటకు వీలులేదు. భారతదేశము ఇందు చేరలేదు. మందుపాతరల వాడకమునకు హద్దులు పెట్టు వేఱొక ప్రోటోకాలును అంగీకరించినది. 2025లో బాల్టిక్ దేశములు మూడును, ఫిన్లాండు, పోలండులును రష్యా భయముచేత తొలగిపోవుదుమని తెలిపినవి. ఆ భయము నిజమైనదే. కాని “ఏ పరిస్థితిలోను” అను నియమముతోనే గదా వారు ఆ ఒడంబడికకు కట్టుబడినది!

శ్రీలంకలో యుద్ధము 2009లో ముగిసినను ఉత్తరపు జిల్లాల నేలలో మందుపాతరలు మిగిలిపోయెను. ఆ దేశము 2017లో ఒడంబడికలో చేరినది. దాని గడువు 2028 జూన్ 1. అచట పాతరలు తీయువారిలో స్త్రీలనేకులు. కాడి పొడవు నేలను ముందుగా చూచి అడుగిడుట మునులకు ఈర్యాసమితి. ముల్లైత్తీవులో ఆ స్త్రీ మోకాళ్ళపై కూర్చుండి, యంత్రము చప్పుడు చేసినచోట మన్నును కొంచెము కొంచెముగా గీసి తీసి, జానెడు నేల శుద్ధియైన పిమ్మటనే ముందునకు జరుగుచున్నది.