చెట్టు ముందు కూర్చున్న ఉపాసకుడు

దేవతామూర్తులను చిత్రించి యశస్సు గడించిన చిత్రకారుడు, కాలక్రమమున తాటిచెట్లను, మేకలను, గాలికి వంగిన గడ్డిపోచలను గీయుటలో నిమగ్నుడయ్యెనని విన్నవారు, అతడు భక్తిపథము విడిచి లౌకికమునకు దిగెనని తలంచుట సహజము. శాంతినికేతనమునందలి కళాభవనమును 1922 మొదలు 1951 వఱకు నడపిన ఆచార్య నందలాల్ బోస్ విషయమున ఈ తలంపు నిలువదు. ఒకప్పుడు తాను దైవత్వమును దేవతల రూపములలోనే వెదకెడివాడననియు, పిమ్మట మనుష్యులయందును, తరువులయందును, పర్వతములయందును దానినే చూడ యత్నించుచున్నాననియు ఆయనయే చెప్పియున్నాడు. ఆ మాట వెనుక దశాబ్దముల సాధన యున్నది.

1882 డిసెంబరు 3వ తేదీన బీహారమున ముంగేరు మండలములోని ఖరగ్‌పూరునందు జన్మించిన నందలాల్, కలకత్తా ప్రభుత్వ చిత్రకళాపాఠశాలలో అవనీంద్రనాథ ఠాకూరునకు శిష్యుడై, శివుని, సతిని, పురాణగాథలను చిత్రించి పడుచుతనముననే ప్రశస్తి కెక్కెను. 'సతి' యను చిత్రమునకు లభించిన 500 రూపాయల బహుమానమును దేశయాత్రకు వినియోగించి, ఆలయములను, శిల్పములను కన్నులార చూచి వచ్చెను. అటుపిమ్మట, ఆ కాలమున నిజాము రాజ్యములోనిదైన అజంతాకు పోయి, ఆంగ్ల చిత్రకారిణి హెరింగ్‌హామ్ బృందములో ఒకడై గుహల గోడలపైని చిత్రములకు ప్రతులు తీసెను. అజంతా చిత్రకారులు బోధిసత్త్వుని కనుబొమపై ఎంత శ్రద్ధ చూపిరో, ఏనుగు తొండముపైనను, హంస మెడపైనను, తామరతూడుపైనను అంతియే శ్రద్ధ చూపిరి. దేవునికొక కుంచె, పక్షికొక కుంచె యను భేదము వారు పాటింపలేదు. ఆ గోడల ముందు దినములకొలది నిలిచిన యువకుడు ఈ సంగతి గ్రహింపకుండెనని నేననుకొనజాలను. 1912లో కలకత్తాకు వచ్చిన జపాను కళాతత్త్వవేత్త ఒకాకురా, కళకు ప్రకృతి, సంప్రదాయము, స్వీయప్రతిభ యను మూడును ఆధారములనియు, వీనిలో ఏది లోపించినను కళ చెడుననియు బోధింపగా, ఆ బోధను నందలాల్ జీవితాంతము విడువలేదు.

రవీంద్రుని పిలుపుపై ఆయన చేరిన శాంతినికేతనము, కంటికింపైన దృశ్యములను కోరి వచ్చువారికి తొలిచూపున నిరాశనే కలిగించునేమో. బీర్‌భూమ్ మండలమున వాననీరు కోసివేసిన ఎఱ్ఱటి గులకనేల, దాని నడుమ లోతైన గండ్లు, అచ్చటచ్చట తాడిచెట్లు, వసంతమున మోదుగుపూలు, ఎండకాలమున సన్నగిల్లి వానకాలమున పొంగు కోపాయి వాగు, సంతాలుల మట్టియిండ్లు: ఇంతియే అచ్చటి సంపద. ఈ సంపదనే నందలాల్ తరగని నిధిగా భావించెను. సంచిలో ఖాళీ కార్డులు పెట్టుకొని తిరుగుట ఆయనకు అలవాటు. కనబడిన దానిని కనబడిన చోటనే, పోస్టుకార్డంత కాగితముమీద సిరాతోనో రంగుతోనో గీసి, మిత్రులకును, శిష్యులకును ఉత్తరములుగా పంపుచుండెను. వేల సంఖ్యలో నిట్టి చిత్రములను ఆయన గీసెను. వాని ముందు కొంతసేపు నిలిచినవారికి ఒక విశేషము గోచరించును. మేక వెన్నుపూసను తెలుపు గీత యొక్కటే. అది మెడకడ బలముగా మొదలై, నడుమున సన్నగిల్లి, తోకకడ మరల చివుక్కున పైకి లేచును. కాళ్లకు నేలను తాకినంత మేర మాత్రమే సిరా. మిగిలినదంతయు ఖాళీ కాగితము. అయినను ఆ మేక మరుక్షణమున ఎటు దుముకునో మనకు తెలియును. హరిపురా కాంగ్రెసు మహాసభకు గాంధీమహాత్ముని కోరికపై 1938లో ఆయన సిద్ధపఱచిన చిత్రములను లోకము మిక్కిలి కొనియాడినది; ఆ ప్రశంస యుక్తమే. కాని నా దృష్టిలో ఆయన ఆత్మ పరిపూర్ణముగా వెల్లడియైనది, ఎవరును అడుగకయే గీసిన ఈ చిన్న కార్డులలోనే.

ఆయనను శిష్యులందఱును 'మాస్టర్ మొశాయ్' అని పిలుచుచుండిరి. 1940లో కళాభవనమున చేరిన సత్యజిత్ రాయ్, తరువాతి కాలమున తన గురువును స్మరించుచు, చెట్టును గీయునపుడు గీత నేలనుండి పైకి పోవలెననియు, చెట్టు పైనుండి క్రిందికి పెరుగదు గదా యనియు ఆయన తనకు బోధించిన వైనమును చెప్పెను. వినుటకు ఇది చిన్న సూచన. కాని కుంచెను మొదట వేళ్లకడ ఆనించి, మ్రాను బరువును మోయుచు పైకి జరిపి, కొమ్మకొమ్మకు వేగము మార్చుచు, తుదకు చిగురుకడ విడిచిన చేతికి, ఆ క్షణమున చెట్టు పెరుగుదలయే తన కదలిక యగును. ఉపాసకునకును, ఉపాస్యమునకును నడుమ ఎడము తొలగుటను పెద్దలు తాదాత్మ్యమనిరి; అది ధ్యానమందిరములలోనే గాక, ఎండలో ఒక తాటిచెట్టు ముందును సిద్ధింపవచ్చును.

ఇచ్చట భగవద్గీతలోని రెండు తావులు తలంపునకు వచ్చుచున్నవి. పదవ అధ్యాయమున భగవానుడు వృక్షములలో అశ్వత్థమును తన విభూతిగా చెప్పుకొనెను. పదునైదవ అధ్యాయమున అదే అశ్వత్థము సంసారమునకు రూపకమై, వేళ్లు పైకిని కొమ్మలు క్రిందికిని గలదై, అసంగమను ఆయుధముచే ఛేదింపవలసినదిగా వర్ణింపబడినది. ఒకచోట పూజ్యమైనది వేఱొకచోట ఛేద్యమగుట యెట్లని సందేహింపవచ్చును. నందలాల్ జీవితము నాకు ఈ సందేహమునకు సమాధానముగా తోచుచున్నది. చెట్టును చూచినంతనే నీడను గూర్చియో, పండును గూర్చియో, కలపను గూర్చియో తలంచు చూపునకు అది బంధమే. దానినుండి ఏమియు కోరక, అది ఉన్నదను ఆనందముతోనే గంటలకొలది చూడగల చూపునకు అదియే విభూతి. తెగవలసినది మన కోరిక. చెట్టు నిలిచియే యుండును. ప్రకృతిని చూచి గీయువాడు నిత్యము చేయు పని ఇట్టి నిష్కామదర్శనమే.

అభ్యాసము దృఢపడుటకు పతంజలి మూడు నియమములను విధించెను: అది చిరకాలము సాగవలెను, నడుమ తెగరాదు, ఆదరముతో కూడియుండవలెను. మొదటి రెండును పట్టుదల గలవారికి సాధ్యములే, మూడవదియే దుర్లభము. నలువదేండ్లు ఒకే పని చేసినవానికి ఆ పనిపై విసుగు పుట్టుట లోకసహజము. నందలాల్‌కు విసుగు పుట్టలేదనుటకు ఆయన వృద్ధాప్యమున గీసిన సిరాచిత్రములే ప్రమాణము. 1924లో రవీంద్రునితో చీనా, జపాను దేశములు చూచి వచ్చినప్పటినుండి ఆ దేశముల కుంచెపని ఆయన మనస్సున నాటుకొని, పదవీవిరమణానంతరము రంగులను చాలమట్టుకు వదలి నల్లసిరాకే పరిమితుడైనపుడు పూర్ణముగా పక్వమైనది. ఆదరము తగ్గినచో చేయి వేగిరపడును. ఆ చిత్రములలో వేగిరపాటు లేదు.

ఆయన శ్రద్ధ ఘనకార్యములలోను ఇట్లే నిలిచినది. భారత రాజ్యాంగపు చేవ్రాత ప్రతిని శిష్యులతో కలసి అలంకరించునపుడు, మొహెంజొదారో ముద్రనుండి స్వాతంత్ర్యోద్యమము వఱకు చరిత్రను చిత్రించి, తుది పుటలకు హిమాలయమును, ఎడారిని, సముద్రమును ఎన్నుకొనిరి. చరిత్రయంతయు చివరకు ప్రకృతి ఒడిలోనికే చేరినది. రవీంద్రుడు పసిపిల్లలకై వ్రాసిన 'సహజ్ పాఠ్' వాచకమునకు కూడ నందలాలే బొమ్మలు కూర్చెను. వంగదేశమున ఎన్ని తరముల బాలబాలికలో అక్షరముతోపాటు ఆయన చూపును కూడ నేర్చుకొనిరి.

శిష్యులలో వినోదవిహారీ ముఖోపాధ్యాయుని కథ మనస్సును ద్రవింపజేయును. పుట్టుకతోనే చూపు మందమైన ఆ బాలుని చిత్రకళకు చేర్చుకొనుటకు గురువునకే తొలుత సంశయము కలిగినది; రవీంద్రుడు అతని దారిని అతడే వెదకుకొననిమ్మనెను. అతడు ఆ ఎఱ్ఱనేలను, బీర్‌భూమ్ పల్లెలను చిత్రించి మహాచిత్రకారుడయ్యెను. ఏబదియేండ్లు దాటిన పిదప చూపు పూర్తిగా పోయినను, చేతి స్పర్శతో రూపములను దిద్దుచు 1972లో కళాభవనపు గోడపై పింగాణిపలకల చిత్రమును నిర్మించెను. చిరకాలము ఆదరముతో చూచినది కన్ను పోయినను పోదని ఆ గోడ సాక్ష్యము పలుకుచున్నది. మన తెలుగునాట, వరంగల్లు సీమకు చెందిన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతనమున నందలాల్ బోసు కడనే శిక్షణ పొంది, హైదరాబాదున తరములకు చిత్రకళ నేర్పుటచే, ఆ గురుపరంపర మనకును దక్కినది.

ఇది చదువు తల్లిదండ్రులకు ఒక విన్నపము. మీ పిల్లవాడు చెట్టు బొమ్మ గీసియిమ్మని కాగితము పట్టుకొని వచ్చినపుడు, పుస్తకములోని బొమ్మను చూపి దింపుమనకుడు. మీరు గీసియు ఇయ్యకుడు. వానిని చేయి పట్టుకొని వాకిటిలోని వేపచెట్టుకడకో, వీధి చివర రావిచెట్టుకడకో తీసికొనిపోయి, ప్రక్కన కూర్చుండి, వాడు చాలునను వఱకు చూడనిండు.