తేనెలో ఏ పువ్వు వాటా ఎంత?

పన్నెండేళ్లు గురుకులంలో చదివి, అన్నీ తెలుసన్న గర్వంతో ఇంటికొచ్చిన శ్వేతకేతువును తండ్రి ఉద్దాలకుడు కూర్చోబెట్టి తేనె సంగతి చెబుతాడు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉందీ ముచ్చట. తేనెటీగలు ఎక్కడెక్కడి చెట్ల రసాలో తెచ్చి ఒక్కటి చేస్తాయి. ఒక్కటయ్యాక నేను ఫలానా చెట్టు రసాన్నన్న ఎరుక ఏ రసానికీ మిగలదు. జీవులన్నీ సత్తులో కలిసిపోవడం గురించి చెప్పడానికి ఉద్దాలకుడు తెచ్చిన పోలిక అది. కలిశాక విడదీసి చూపడం ఎవరి తరమూ కాదన్నది దానికి ఆధారం.

1972 తొలినాళ్లలో లండన్‌లో ఒక బ్యాండు పుట్టింది. అందులో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు. పెట్టుకున్న పేరు 'బీస్ మేక్ హనీ', అంటే తేనెటీగలు తేనె చేస్తాయి అని. ఆ పేరుకూ ఉద్దాలకుడికీ ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. కానీ రెండేళ్లు బతికిన ఆ బ్యాండు కథ, దాని రికార్డుల కథ, తేనె పోలికను అడ్డంగా ప్రశ్నిస్తుంది. నలుగురు కలిసి చేసిన పాట ఎవరిది? ఆ నలుగురూ విడిపోయాక అది ఎక్కడుంటుంది? అసలు 'బ్యాండు' అనే వస్తువు ఒకటి ఉందా, లేక పిలుచుకోవడానికి పెట్టుకున్న పేరేనా?

కథ డబ్లిన్‌లో మొదలవుతుంది. 1960లలో ట్రినిటీ కాలేజీలో చరిత్ర చదువుకుంటున్న ఇంగ్లీషు కుర్రాడు ఇయన్ విట్‌కమ్. అతని చుట్టూ బ్లూస్‌విల్ అనే బృందం తయారైంది. 1965లో 'యూ టర్న్ మీ ఆన్' అనే పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 8వ స్థానం దాకా ఎక్కింది. రికార్డు మీద ఇయన్ విట్‌కమ్, బ్లూస్‌విల్ అని రెండు పేర్లూ ఉన్నాయి. జనానికి గుర్తుండిపోయింది మొదటిది. రెండో పేరు వెనక ఉన్నవాళ్లలో బ్యారీ రిచర్డ్‌సన్, డీక్ ఒబ్రయన్, మిక్ మలాయ్ అనే ముగ్గురు ఏడేళ్ల తర్వాత లండన్‌లో మళ్లీ కలిశారు. వాళ్లకు తోడు రువాన్ ఓ లోహ్లిన్ గిటారూ కీబోర్డూ శాక్సఫోనూ పట్టుకొచ్చాడు. డ్రమ్స్ దగ్గర కూర్చున్నది బాబ్ సీబెన్‌బర్గ్ అనే అమెరికన్. ఇతని పేరే ఒక చిన్న వేదాంతం. తర్వాతి కాలపు రికార్డు అట్టల మీద అది బాబ్ సీ బెన్‌బర్గ్ అని రెండు ముక్కలై కనిపిస్తుంది. నామరూపాల్లో నామం ఎంత వదులుగా అంటుకుని ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి!

వాళ్లు వాయించింది కెంటిష్ టౌన్‌లోని ట్యాలీ హో పబ్‌లో. అంతకుముందు అది జాజ్ తప్ప మరొకటి వినిపించని చోటు. 1971లో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బృందం ఆ తలుపు తెరిచింది. లండన్‌లో ఆల్బం రికార్డు చేసుకోవడానికి వచ్చిన వాళ్లు, అది బయటికి రాక, పూట గడవడానికి పబ్‌లో వాయించడం మొదలెట్టారు. వాళ్ల వెనకే బీస్ మేక్ హనీ, బ్రిన్స్‌లీ ష్వార్జ్, డక్స్ డీలక్స్. పత్రికలు దానికి పబ్ రాక్ అని పేరు పెట్టాయి. స్టేడియాల్లో పొగలూ లైట్లూ పెట్టి అరగంట సోలోలు వాయించే రాక్ మీద విసుగుపుట్టినవాళ్ల సంగీతం అది. గాయకుడికీ వినేవాడికీ మధ్య దూరం ఒక బీరు గ్లాసంత. కంట్రీ, రాక్ అండ్ రోల్, బ్లూస్, ఏదడిగితే అది.

ఇక్కడ ఐర్లండ్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1960లలో అక్కడి డ్యాన్సు హాళ్లను ఏలింది షోబ్యాండ్లు. ఒకే రంగు సూట్లు వేసుకుని, ఆ వారం రేడియోలో మోగే పాటను రికార్డులో ఉన్నట్టే వాయించడం వాళ్ల ఘనత. అంటే రికార్డు మూలం, మనుషులు నకలు. పబ్ రాక్ దీన్ని తిరగేసింది. ఆ రాత్రి ఆ గదిలో జరిగిందే మూలం, రికార్డు దాని నకలు. నకలు ఎప్పుడూ కొంచెం వెలిసిపోయే ఉంటుందని పబ్ రాక్ అభిమానులు ఇప్పటికీ గొణుగుతుంటారు. వాళ్ల మాటలో నిజముంది.

1973లో ఈఎమ్ఐ కంపెనీ బీస్ మేక్ హనీ మొదటి ఆల్బం తెచ్చింది. పేరు 'మ్యూజిక్ ఎవ్రీ నైట్'. పబ్ కిటికీలో అంటించే చీటీ లాంటి పేరు. రోజూ రాత్రి సంగీతం ఉంటుందని చెప్పే పేరు, రోజూ ఒకేలా మోగే పళ్లెం మీద! పబ్‌లో ఏ రెండు రాత్రులూ ఒకటి కావు. పళ్లెం మీద ఏ రెండు రాత్రులూ వేరు కావు.

స్టూడియోలో అసలేం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఉద్దాలకుడి పోలిక ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. 1970లలో మంచి స్టూడియోలో రెండంగుళాల వెడల్పు టేపు తిరుగుతుండేది. దాని మీద పొడవునా పదహారు దారులు. డ్రమ్స్‌కు కొన్ని, బేస్ గిటారుకు ఒకటి, గొంతుకు ఒకటి. ఒకరి చప్పుడు మరొకరి మైకులోకి జారకుండా మధ్యలో అట్టగోడలు పెడతారు. పబ్‌లో ఒకరి చెమట ఒకరి మీద పడేంత ఇరుకులో వాయించినవాళ్లు, ఇక్కడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకరినొకరు వింటారు. తర్వాత మిక్సింగ్ బల్ల దగ్గర ఇంజనీరు ఒక మీట కిందికి లాగితే గిటారు మాయం. పైకి నెడితే ప్రత్యక్షం. ఏ రసం ఏ చెట్టుదో తెలియకపోవడం తేనె లక్షణమైతే, టేపు మీద ఉన్నది ఇంకా తేనె కాలేదు. వేరువేరు గిన్నెల్లో పోసిన రసాలు. చివరి మిక్స్ అయ్యాకే అది తేనె. ఆ తర్వాత కూడా మొదటి గిన్నెలు బీరువాలో భద్రంగా ఉంటాయి. ఈ సంగతి చివర్లో పనికొస్తుంది.

ఆల్బం వచ్చిన ఏడే సీబెన్‌బర్గ్ సూపర్‌ట్రాంప్ అనే బ్యాండులోకి వెళ్లిపోయాడు. ఓ లోహ్లిన్ కూడా తప్పుకున్నాడు. డ్రమ్స్‌కు ఫ్రాన్ బర్న్, కీబోర్డుకు బెల్‌ఫాస్ట్ మనిషి కెవిన్ మెకలే, ఇలా కొత్తవాళ్లు వచ్చి చేరారు. రెండో ఆల్బం కూడా రికార్డు చేశారు, కానీ అది అప్పట్లో విడుదల కాలేదు. 1974లో బ్యాండు చెదిరింది. దశాబ్దాల తర్వాత ఆ పాటలు సీడీగా వచ్చేసరికి, వాటిని వాయించిన బృందమే లేదు. ఎగ్స్ ఓవర్ ఈజీ లండన్ రికార్డింగులదీ అదే గతి. 1971 నాటివి 2016లో బయటపడ్డాయి. ఎవరూ వినని పాట ఉన్నట్టా లేనట్టా అని తర్కశాస్త్ర విద్యార్థులు కుస్తీ పట్టొచ్చు. టేపు పెట్టె మోసినవాడికి మాత్రం దాని బరువు తెలుసు.

చెదిరిన ఈగలు ఊరికే పోలేదు. ఏస్ అనే బ్యాండు పాట 'హౌ లాంగ్' 1975లో అమెరికాలో 3వ స్థానానికి వెళ్లింది. దానికి డ్రమ్స్ ఫ్రాన్ బర్న్‌వి. నేనా అనే జర్మన్ బ్యాండు 1984లో బ్రిటన్‌లో మొదటి స్థానం కొట్టిన '99 రెడ్ బెలూన్స్'కు ఇంగ్లీషు మాటలు రాసింది మెకలే. సూపర్‌ట్రాంప్ 1979లో తెచ్చిన 'బ్రేక్‌ఫాస్ట్ ఇన్ అమెరికా' సంగతి చెప్పనక్కర్లేదు. ఈ పాటలు తెలిసినవాళ్లలో వందకు ఒకరికైనా బీస్ మేక్ హనీ తెలుసా అంటే అనుమానమే. తేనె మిగల్లేదు, రసాలు మాత్రం మరో పట్టు చేరాయి.

బ్యాండు అంటే ఏమిటన్న ప్రశ్నకు బౌద్ధం దగ్గర తయారు జవాబుంది. మిళిందుడనే యవన రాజు భిక్షువు నాగసేనుణ్ని నువ్వెవరని అడిగితే, ఆయన రాజు ఎక్కి వచ్చిన రథాన్ని చూపించి ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? నొగ రథమా? ఏదీ కాదు. అన్నీ కూడినప్పుడు వాడుకలో రథమంటాం, అంతే. ఒకవైపు ఉద్దాలకుడు కలిసిపోయిన ఒక్కటే సత్యమంటాడు, ఇంకోవైపు నాగసేనుడు కలిసిన ఒక్కటంటూ వేరే ఏదీ లేదంటాడు. నాగార్జునకొండ శిల్పాలు చూసి పెరిగిన తెలుగువాళ్లకు రెండో మాట పరాయిది కాదు.

మరి రథం భాగాలన్నీ మారిస్తే? పబ్ రాక్‌లో దీనికి నిక్కమైన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని కాన్వీ ఐలండ్ బ్యాండు డాక్టర్ ఫీల్‌గుడ్. 1976లో వాళ్ల 'స్టుపిడిటీ' బ్రిటిష్ ఆల్బం పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. అది స్టూడియోలో చేసింది కాదు, జనం కేకలతో సహా వేదిక మీద పట్టింది. మరుసటి ఏడు గిటారిస్టు విల్కో జాన్సన్ వెళ్లిపోయాడు. 1994లో గాయకుడు లీ బ్రిలో కన్నుమూశాడు. 1995 నుంచి మొదటి తరం మనిషి ఒక్కడూ లేకుండా అదే పేరుతో బ్యాండు నడుస్తోంది.

దీన్ని చూసి నవ్వే ముందు సురభి నాటక సమాజాన్ని తలుచుకోవాలి. 1885లో కడప జిల్లాలో మొదలైంది. మొదటి రోజు తెర ఎత్తినవాళ్లలో ఎవరూ లేరు. అయినా 'మాయాబజార్' చూసి బయటికొచ్చే ప్రేక్షకుడు ఇది అసలు సురభి కాదని టికెట్టు డబ్బులు వాపసు అడగడు. అక్కడ పేరు కుటుంబం గుండా, తాత నుంచి మనవడికి అందిన గద పట్టే తీరు గుండా ప్రవహిస్తోంది. రామాలయంలో భజన బృందమూ అంతే. హార్మోనియం వాయించే పెద్దాయన పోతే కొడుకో పక్కింటాయనో కూర్చుంటాడు, శనివారం భజన శనివారమే జరుగుతుంది.

ఐర్లండ్‌లో ఈ భజన లాంటిదే సెషన్. పబ్ మూలన బల్ల చుట్టూ ఫిడేలు, బాంజో, టిన్ విజిల్ పట్టుకుని కూర్చుంటారు. ముఖాలు జనం వైపు కాదు, ఒకరి వైపు ఒకరు. ఒకరు ఎత్తుకుంటే తెలిసినవాళ్లు అందుకుంటారు. మధ్యలో ఒకరు లేచి ఇంటికి పోతే ఆ కుర్చీలో ఇంకొకరు. దానికి బ్యాండు పేరుండదు, ఉంటే పబ్ పేరే. డబ్లిన్ మెరియన్ రోలోని ఒడొనహ్యూస్ పబ్‌లో 1962 ప్రాంతంలో ఇలా కూర్చున్నవాళ్లే డబ్లినర్స్ అయ్యారు. మొదట వాళ్లలో ఒకడైన రానీ డ్రూ పేరు మీదే పిలిచేవాళ్లు. మరో సభ్యుడు లూక్ కెల్లీ అప్పుడు చదువుతున్న జేమ్స్ జాయిస్ పుస్తకం పేరు తర్వాత బృందానికి అంటింది. 1967లో వాళ్ల 'సెవెన్ డ్రంకెన్ నైట్స్' రికార్డును ఐర్లండ్ ప్రభుత్వ రేడియో నిషేధించింది, బ్రిటన్‌లో అది 7వ స్థానానికి వెళ్లింది. పేరులో ఏడు రాత్రులు, పాడింది అయిదే. మిగతా రెండూ మరీ పచ్చిగా ఉంటాయని వదిలేశారు. రాని రాత్రుల గురించే శ్రోతలు ఎక్కువ ఆలోచించి ఉంటారు.

కెల్లీ 1984లో, కీరన్ బర్క్ 1988లో, డ్రూ 2008లో పోయారు. 2012 ఏప్రిల్‌లో బాంజో మనిషి బార్నీ మెకెన్నా పోయేసరికి మొదటి నలుగురూ అయిపోయారు. 1964లో చేరిన జాన్ షీహన్, ఒప్పుకున్న కచేరీలు ముగించి ఆ ఏడు చివర్లో పేరుకు సెలవిచ్చాడు. మిగిలినవాళ్లు 'డబ్లిన్ లెజెండ్స్' అని మరో పేరుతో పాడుకున్నారు. అవే పాటలు, అవే గొంతులు. పేరు మాత్రం దించి గోడకు తగిలించారు.

ఇక్కడ ఒక గీత కనిపిస్తుంది. దాన్ని స్పష్టంగా గీసింది డబ్లిన్‌కే చెందిన థిన్ లిజీ. గాయకుడు ఫిల్ లైనట్ 1986 జనవరి 4న చనిపోయాక, పాత సభ్యులు కొందరు ఆ పేరుతో వేదికలెక్కారు. 2012లో కొత్త పాటలు రికార్డు చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆగారు. లైనట్ లేకుండా ఆ పేరు కొత్త రికార్డు మీద పడకూడదని 'బ్లాక్ స్టార్ రైడర్స్' అని పేరు మార్చుకున్నారు. వేదిక మీద పలకొచ్చు, పళ్లెం మీద రాయకూడదు. మన గుడి లెక్కలో చెప్పాలంటే నిత్య కైంకర్యం ఒకటి, శాసనం ఒకటి. పూజారి మారినా కైంకర్యం ఆగదు. శాసనం చెక్కించేటప్పుడు మాత్రం ఎవరు చెక్కిస్తున్నారో పేరు కావాలి, పోయినవాడి పేరు మీద కొత్త శాసనం వేస్తే దాన్ని దొంగ శాసనమంటారు. నాగసేనుడు పేరు వాడుక మాత్రమే అన్నాడు గానీ, వాడుకకూ ఒక మర్యాద ఉందని ఈ రాక్ మనుషులు గుర్తుచేశారు.

అంతా సర్దుకుందనుకునేలోగా 2025 జనవరిలో థిన్ లిజీ పేరుతోనే 'ది ఎకూస్టిక్ సెషన్స్' అనే ఆల్బం వచ్చింది. 1970ల తొలి పాటల టేపుల్లోంచి లైనట్ గొంతును వేరుచేసి తీశారు. బ్రయన్ డౌనీ డ్రమ్స్ కూడా ఆ కాలానివే. పాత ఎలక్ట్రిక్ గిటారు తీసేసి, కొత్తగా ఎకూస్టిక్ గిటారు వాయించింది ఎరిక్ బెల్. ఆ పాటలకు మొదట గిటారు వాయించినవాడు అతనే. 1973 ఆఖరి రాత్రి బెల్‌ఫాస్ట్ కచేరీ మధ్యలో గిటారు గాల్లోకి విసిరేసి బ్యాండు నుంచి వెళ్లిపోయిన మనిషి. పాట ఒక్కటే, గొంతు ఇరవైలు నిండీ నిండని కుర్రాడిది, తీగల మీది వేళ్లు డెబ్భై దాటిన పెద్దాయనవి, అట్ట మీద పేరు థిన్ లిజీ.