కాగితం తెలుపు

తిరుపతిలో ఇంటి దగ్గరే ఉండి ఆర్డర్ల మీద బొమ్మలు వేస్తుంటాను. ఫొటో చూసి మనిషి పోలిక తెస్తాను. చుట్టూ వాళ్లు కోరిన ఊహాలోకం కల్పిస్తాను. ముందు నీటిరంగులు, అవి ఆరాక రంగు పెన్సిళ్లతో వెంట్రుకలు, కనురెప్పలు, నగల మెరుపు. పోయినేడు చిత్తూరు నుంచి ఒకామె వచ్చింది. డిగ్రీ చదివే కూతురిని వనదేవతగా వేయాలి, వెనక తలకోన జలపాతం ఉండాలి. పద్దెనిమిదో పుట్టినరోజుకు కానుకట. అడ్వాన్సు ఇచ్చి లేవబోతూ అంది: "రవంత తెల్లగా ఎయ్యమ్మా. ఎట్లా ఊహే గదా!"

చాలామంది అనే మాటే. డబ్బు అవసరం కూడా ఉంది. సరేనన్నాను.

నీటిరంగుల్లో తెలుపు కోసం తెల్లరంగు వాడం. రంగు పల్చన కాబట్టి అడుగునున్న కాగితమే వెలుగై పైకి కనిపిస్తుంది. చామనఛాయ రావాలంటే బర్న్ట్ సియన్నాలో కాస్త అల్ట్రామెరైన్ నీలం కలిపి, ఒక పూత ఆరాక ఇంకొకటి, నాలుగైదు పూతలు వేయాలి. బుగ్గల ఎరుపు, కంటి కింది నీడ, నుదుటి మెరుపు ఆ పొరల్లోంచే పుడతాయి. తెల్లగా కావాలంటే ఒక పల్చటి పూత వేసి ఆపేయడమే. అంటే, తెల్లగా వేయడమంటే ఆ పిల్లను అంతమేరకు వేయకుండా వదిలేయడం. ఇన్నేళ్లు ఆ పని చేస్తూ కూడా నేనీ సంగతి ఆలోచించలేదు.

బొమ్మ తీసుకోడానికి కూతురే వచ్చింది. చాలాసేపు చూసి, "బాగుందక్కా. ఎవురీమె?" అంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఊహాచిత్రంలో అబద్ధం ఎక్కడ మొదలవుతుంది? రెక్కలు, కిరీటం పెడితే ఎవరూ అబద్ధమనరు కదా! 1934లో అమృతా షేర్గిల్ తనను తాను తాహితీ స్త్రీగా ఊహించుకుని వేసుకుంది. పాల్ గోగాన్ తాహితీ స్త్రీలను చూసిన చూపును తన గోధుమరంగు ఒంటి మీదికి తెచ్చుకుని, వెనక ఒక మగవాడి నీడను కూడా నిలబెట్టింది. ఆ ఊహ ఆమెది, ఆ శరీరమూ ఆమెదే. మన ఇళ్లలో దేవత ముఖాన్ని ఊహించింది వేరేవాళ్లు. 1894లో రవివర్మ పెట్టిన లితో ప్రెస్సు నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతులు ఆడవాళ్ల అందానికి కొలతలైపోయారు. జనం గంటల తరబడి క్యూలో నిలబడి నల్లని దేవుణ్ణి చూసొచ్చే ఊళ్లోనే, ఆడపిల్ల ఫొటో ఇచ్చి తెల్లగా వేయమంటాం.

తల్లికి ఫోన్ చేసి గట్టిగానే చెప్పాలనుకున్నాను. ఆమె మాట నన్ను ఆపేసింది. "నల్లగా ఉండాదని నన్ను ఏడుగురు చూసి పోయినారమ్మా. గోడ మీదన్నా నా బిడ్డ ఆ మాట పడకూడదనుకున్నా."

ఆమె గాయం మీద నేను ఉపన్యాసం ఇవ్వలేకపోయాను. ఇంకో సందేహమూ వచ్చింది. నా సిద్ధాంతం కోసం నేనా పిల్లను నల్లగా వేస్తే అది మాత్రం ఎవరి ఊహ? మా ఇద్దరిలో ఎవరమూ ఆ పిల్లను అడగలేదు.

అడిగాను. కిరీటం వద్దంది. రంగు ఉన్నట్టే ఉండాలంది. "కళ్లజోడు తీసెయ్యొద్దక్కా. వనదేవతకు సైటుంటే తప్పా?" అని నవ్వింది.

పాత బొమ్మను దిద్దడం కుదరదు. మైనపు పెన్సిల్ పడినచోట నీటిరంగు మళ్లీ పట్టదు. నా ఖర్చుతోనే కొత్త కాగితం తీసుకుని, మొదటినుంచి ఐదు పూతలు వేశాను. ఇప్పుడు ఎవరు ఆర్డరిచ్చినా, బొమ్మలో ఉండే మనిషితో ఒకసారి మాట్లాడాలంటున్నాను. కొన్ని ఆర్డర్లు పోతున్నాయి.

ఆ తల్లి వచ్చి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఏమీ అనలేదు. రెండూ తీసుకుపోయింది. ఏది గోడకెక్కిందో నేనడగలేదు.