బాలుని దండన – ఊరి బాధ్యత

దొంగతనము చేసిన బాలుని దండింపవలెనా, దిద్దవలెనా? పదవ తరగతి వారికి వ్యాసరచనాభ్యాసముగా ఈ ప్రశ్నను అనేక పర్యాయములు ఇచ్చితిని. దాదాపు అందరును దిద్దవలెననియే వ్రాసెడివారు. ఉపాధ్యాయునకేది ఇష్టమో పిల్లలకు తెలియును గదా! ఒక సంవత్సరము ఒక విద్యార్థి మాత్రము, తమ కిరాణా దుకాణము తాళము పగులగొట్టిన నాటినుండి తన తండ్రి దుకాణములోనే పండుకొనుచున్నాడని వ్రాసి, మరేమియు వ్రాయక కాగితమిచ్చివేసెను. దానికెన్ని మార్కులు వేయవలెనో నాకు తోచలేదు. ఆ తండ్రిని మరచి ఈ విషయమున ఏమి చెప్పినను అది అర్ధసత్యమే.

ఇట్టి చిక్కునే ఎదుర్కొనిన ఊరు ఆస్ట్రేలియాలో ఒకటి కలదు. అది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున, సిడ్నీ నగరమునకు వాయవ్యముగా సుమారు 800 కిలోమీటర్ల దూరమున, డార్లింగ్ నదీతీరమునందున్న బర్క్ అను చిన్న పట్టణము. ఆ ప్రాంతపు జనులలో ఇంచుమించు మూడవ వంతు ఆదివాసులు. 2013 ప్రాంతమున, జనసంఖ్యను బట్టి చూచిన, ఆ రాష్ట్రములో నేరములు మిక్కిలిగా నమోదైన ఊళ్లలో అది యొకటి. పోలీసులు లేక కాదు. పట్టుకొనుచునే యుండిరి, పిల్లలు పోయి వచ్చుచునే యుండిరి.

అప్పుడు అలిస్టర్ ఫెర్గూసన్ మొదలైన ఆదివాసి పెద్దలు ‘మరంగుకా’ అను ప్రయత్నమునకు పూనుకొనిరి. ఇతరులను ఆదరించుట అని వారి భాషలో ఆ మాటకర్థము. జైలుకు వెచ్చించు ధనమును, బాలుడు జైలుకు పోకముందే అతని కొరకు వెచ్చించినచో ఏమగును అన్నదే వారి ప్రశ్న. మొదట ప్రధానముగా దాతల ధనముతోనే పని సాగెను.

వారు కనుగొన్న సంగతులలో ఒకటి చెప్పెదను. లైసెన్సు లేక కారు నడిపి కోర్టుకెక్కిన యువకులు అనేకులు. ఎందుకు లేదని విచారింపగా, కొందరికి జనన ధ్రువపత్రమే లేదు. 25 ఏండ్లలోపు వారు లైసెన్సు గల వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని 120 గంటలు నడిపినట్లు పుస్తకములో చూపవలెనని ఆ రాష్ట్ర నిబంధన. ఇంట కారుండదు, ఉన్నను లైసెన్సు గల పెద్ద ఉండడు. అట్టివాడు పట్టుబడి, జరిమానా చెల్లింపలేక, మరల పట్టుబడి, తుదకు జైలు చూచును. ఇందులో దుర్బుద్ధి ఎంత, కాగితము లేమి ఎంత? ఆ యువకులకు పత్రములు తెప్పించి, కారు నడుపుట నేర్పి, లైసెన్సు ఇప్పించు పని ఊరే చేపట్టెను. పోలీసుల తీరును మారెను. ఉదయముననే వారు ఊరివారితో కూర్చుండి, గడచిన రాత్రి ఏ యింట కలహము జరిగెను, ఏ పిల్లవాడు బడికి పోవుట లేదు అని మాటలాడుకొనిరి. ఈ మార్పు నాకు డబ్బు కంటె పెద్దదిగా తోచుచున్నది.

కె.పి.ఎం.జి. సంస్థ 2018లో ప్రకటించిన లెక్కల ప్రకారము, 2016తో పోల్చగా 2017లో బాలలపై ముఖ్యమైన ఐదు రకముల నేరారోపణలు 38 శాతము, గృహహింస 23 శాతము తగ్గెను. పండ్రెండవ తరగతి వరకు బడిలో నిలిచిన వారు 31 శాతము పెరిగిరి. ఇది ఒక చిన్న ఊరి ఒక్క సంవత్సరపు లెక్క, దీనినిబట్టి విర్రవీగరాదు. నేరము అచట అంతరింపలేదు.

2024 మార్చిలో ఆ రాష్ట్ర ప్రభుత్వమే, కారు దొంగతనము, ఇండ్లలో చొరబడుట వంటి ఆరోపణలపై బెయిలులో నుండి మరల అట్టి ఆరోపణకు గురియైన 14 – 17 ఏండ్ల వారికి బెయిలు దుర్లభము చేసెను. గ్రామీణ పట్టణముల భద్రతకు 2.62 కోట్ల డాలర్లను సైతము ప్రకటించెను. అందులో సుమారు సగము మోరీ అను పట్టణమునకే. ఆ చట్టమును నేను పూర్తిగా నిందింపలేను. దుకాణములో పండుకొనువాడు పది సంవత్సరములు వేచియుండలేడు. అయితే నిర్బంధము తీరిన బాలుడు చేరునది వెనుకటి ఇంటికే, వెనుకటి వీధికే. ఆ వీధికి చేరవలసిన ధనము చేరకున్న, ఆ తండ్రికి దొరకు నిద్ర కొన్ని నెలలదే.

ఆ విద్యార్థి కాగితమును మార్కులు వేయకయే తిరిగి ఇచ్చితిని. ఎందుకని అతడడుగలేదు. ఆ సాయంకాలము ఆ దుకాణమునకు పోయి, అవసరము లేకున్నను పావుకిలో బెల్లము కొని, కొంతసేపు ఆ తండ్రితో మాటలాడి వచ్చితిని. తాళము పగులగొట్టిన పిల్లవాడెవరో ఆయనకు తెలియును; వాని తల్లి ఆ దుకాణములోనే బియ్యము అప్పు పెట్టుచుండెనట.