దారి చూపు ధర్మము

దారి తెలియనివానికి దారి చూపుట పుణ్యకార్యమని మన పెద్దల విశ్వాసము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా సాగుచు, మజిలీల వసతులను, దారి మంచిచెడ్డలను వ్రాసియుంచిరి. 1838లో అచ్చయిన ఆ గ్రంథము తరువాతి యాత్రికులకు కరదీపిక వంటిది.

నేడా దీపము సెల్‌ఫోనులో వెలుగుచున్నది. కనీసము నాలుగు ఉపగ్రహముల నుండి వచ్చు కాలసంకేతములను బట్టి ఫోను తానున్న చోటును గణించుకొనును. ఆ చోటును, వేళను, మనము పూర్వము వెదకిన విషయములను జోడించి, ఎవరికి తగిన సమాచారమును వారికి అందించు ఏర్పాట్లు వచ్చినవి. నిజామాబాదు ఖిల్లా రామాలయమును సేవించి, డిచ్‌పల్లి రామాలయమును, భీమ్‌గల్ చెంతనున్న లింబాద్రిగుట్ట నృసింహుని దర్శించి, పిదప నిజాంసాగరును చూడదలచిన కుటుంబమునకు ఇది గొప్ప సాయమే. 2025 ఆగస్టు చివర కామారెడ్డి ప్రాంతమున కురిసిన అతివృష్టికి రహదారులు, రైలుమార్గము దెబ్బతినినవి. అట్టివేళ “ముందు దారి లేదు, ఆగుడు” అని సకాలమున చెప్పు మాట ప్రాణదానముతో సమానము.

ఐనను ఒక ప్రశ్న కలదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున చెప్పుట ధర్మమేనా? మన సంప్రదాయమునకు ఇది క్రొత్త కాదు. అధికారిభేదము నెరిగి బోధించుట గురువుల పద్ధతియే. కాని గురువు శిష్యుని ఎరుగుట శిష్యుని మేలు కొరకే. యంత్రము వెనుకనున్న వర్తకునకు మన మేలుతోపాటు తన లాభమును కావలయును. కఠోపనిషత్తు శ్రేయస్సును, ప్రేయస్సును వేరుచేసి చూపినది. నిన్న ఫలహారశాలలను వెదకినవానికి నేడును అవియే చూపినచో, వానికి ప్రేయస్సు దొరకును గాని, ప్రక్క వీధిలోని ప్రాచీనాలయము కంటబడదు. మన రుచిని మార్చుకొనుటకే గదా యాత్ర!

అంతర్యామియైన భగవంతుడు మనలను సంపూర్ణముగా ఎరుగును; ఆ ఎరుకను విక్రయింపడు. ఫోను ద్వారా మనలను ఎరిగినవారి విషయమున అట్టి భరోసా లేదు. అందుచేతనే 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మన సమ్మతికి ప్రాధాన్యమిచ్చినది. ఎందులకు అడుగుచున్నారో విచారించి సమ్మతించుట, పని తీరిన పిదప దానిని ఉపసంహరించుకొనుట యాత్రికుని వివేకము.

సమాచారమిచ్చువారికిని ధర్మము కలదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు పాత పుస్తకములలో నిజామాబాదు జిల్లాలోనిది. 2016 నుండి కామారెడ్డి జిల్లాలోనిది. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. పాత వివరమును నమ్మి వచ్చినవానికి మూసిన ద్వారమే ఎదురగును. నిన్నటి సత్యమును నేటికి సరిచూడక చెప్పుట అసత్యమునకు దగ్గర. కావున గుడి తెరచు వేళ మారినపుడు, మెట్లదారి మూసినపుడు, ఆ సంగతిని వెంటనే తెలియజేయుట స్థానికులు చేయదగిన అతిథిసేవ.

ఫోను చెప్పినను, గుడి ముంగిట నున్న వృద్ధుని ఒకమారు అడుగుట మానరాదు. ఆయన దారితోపాటు ఆ స్వామి కథను కూడ చెప్పును.