నిండుకుండ తొణకాలా?

నిండుకుండ తొణకదని సామెత. గుణవంతుల్ని మెచ్చుకోవాలంటే ఇప్పటికీ ఆ మాటే వాడతాం. కుండ సంగతి ఎలా ఉన్నా, చెరువు దగ్గర మాత్రం ఈ సామెత చెల్లదు. నిండిన చెరువు పొర్లి తీరాలి. పొర్లడానికి దారి లేకపోతే కట్ట తెగుతుంది. ఆ దారినే మా అనంతపురం వైపు మరువ అంటాం. కోస్తా వాళ్లు కలుజంటారు, తెలంగాణ వాళ్లు అలుగంటారు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. ఇక్కడ ‘చెరువు మరువ పారిందంట’ అని కబురొస్తే పెళ్లి కబురంత సంబరం. ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకుని గంగమ్మకు పూజ చేయడానికి బయలుదేరతారు.

ఇంతకీ ఈ మరువ గొడవ ఇప్పుడెందుకంటారా? మా పెద్దవాడు ఇంట్లో చేపల తొట్టి పెట్టాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే సుమారు 250 లీటర్లు. “తాగే నీళ్లకే బిందెలు వరస పెట్టే ఊళ్లో చేపలకిన్ని నీళ్లా నాయనా?” అన్నారు మా అత్తగారు. న్యాయమైన ప్రశ్నే. వాడు వాదించలేదు, పైపులు చూపించాడు.

తొట్టి మూలలో అద్దంతో కట్టిన ఒక చిన్న అర. దాని అంచు దువ్వెన పళ్లలా ఉంటుంది. నీళ్లు ఆ అంచు దాటగానే అరలోకి పొర్లి, పైపు గుండా బల్ల కింద ఉన్న మరో తొట్టిలోకి దిగుతాయి. దాన్నీ సంపు అనే అంటారు. అక్కడ స్పాంజిలో వడకట్టుకున్న నీళ్లని చిన్న మోటారు మళ్లీ పైకి తోడుతుంది. అవే నీళ్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. ఆవిరైపోయినంత పోస్తే చాలు. వారానికోసారి తీసే మురికినీళ్లు కరివేపాకు చెట్టుకి. అత్తగారు సగం సమాధానపడ్డారు. నాకు మాత్రం రెండు సంగతులు మనసులో ఉండిపోయాయి.

మొదటిది, పై తొట్టిలో నీటిమట్టం తగ్గదు. నడివేసవిలోనూ అంతే. పైన ఆవిరైన నీళ్ల తరుగు కూడా కింది సంపులోనే కనిపిస్తుంది. చేపలకి కరువొచ్చినట్టే తెలియదు పాపం! లోకంలో పై మెట్టున ఉన్నవాళ్లకి కరువు కనిపించకపోవడానికి వాళ్ల మనసు చెడ్డదే కానక్కర్లేదు. ఏర్పాటే అలా ఉంది. ఇంట్లో మాత్రం? సరుకులు చాలని నెలలో ఏ కంచంలోనూ వెలితి కనపడదు, అందరి తర్వాత తినే ఇల్లాలి కంచంలో తప్ప. ఇంటి స్థితి తెలియాలంటే ఆ కంచం చూడాలి.

రెండోది, సంపుని ఎప్పుడూ నిండా పోయకూడదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది కదా, పై నీళ్లు అంచు మట్టానికి వచ్చేదాకా దిగుతూనే ఉంటాయి. పైకి తోడే పైపు కూడా వెనక్కి లాగేస్తుంది. అందుకని నీటిమట్టానికి కాస్త దిగువన దానికో బెజ్జం పెడతారు. నీళ్లు అక్కడిదాకా తగ్గగానే గాలి దూరి ధార తెగిపోతుంది. అంత జాగ్రత్త పడ్డా, ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు! వాటికి కింద చోటుండాలి. ఖాళీ అంటే లేమి అనుకుంటాం గానీ, పైవాళ్ల కష్టం దిగి వచ్చినప్పుడు గది మునగకుండా కాపాడేది ఆ ఖాళీయే.

కడప సీమలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనం ఉంది. చెరువుకి ఉండవలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో చెప్పారు. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం ఒక దోషమట. నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం మరో దోషమట. లేమితో పాటు కలిమిని కూడా దోషాల పట్టీలో రాసిన ఆ పెద్దలకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మా బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ముసలమ్మ అనే కోడలు ఊరి కోసం బలైపోయిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు చదువుకునే రోజుల్లోనే దాన్ని ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. ఆ తల్లిని తలుచుకుంటే నాకూ కళ్లు చెమరుస్తాయి. అయినా ఒక ప్రశ్న వదలదు. ఆ చెరువు మరువ ఇంకో నాలుగు బారలు వెడల్పుంటే ఆ పిల్ల బతికేది కాదా? త్యాగానికి గుడి కడతాం, బాగానే ఉంది. త్యాగం అవసరపడకుండా మరువ కట్టడం అంతకంటే పుణ్యం కదా! కోపమో, అప్పో, పంతమో, పొర్లిపోయే దారి లేని ఇళ్లల్లో ఈనాటికీ తెగే గట్టుకి అడ్డంగా ఎవరో ఒక కోడలే నిలబడుతోంది.

మరి మరువ ఎంత ఎత్తున ఉండాలి? గొలుసుకట్టు చెరువుల్లో పై ఊరివాళ్లు మరువ మీద ఇసుక బస్తాలు పేర్చారనుకోండి, కింది ఊరి చెరువు ఎండిపోతుంది. దొంగతనం చేశామని వాళ్లు అనుకోరు. “మా చెరువే ఇంకా నిండలేదు” అంటారు. నిజమే! అంచు పెంచుకుంటూ పోతే ఏ చెరువు నిండుతుంది? ‘ఇంత చాలు’ అన్న గీత నీళ్లు రాకముందే గీసుకోవాలి. వచ్చాక ఎవరికీ మనసొప్పదు.

కొత్త తొట్టికి ఒక పరీక్ష ఉందట. అన్నీ సవ్యంగా నడుస్తుండగానే, కావాలని మోటారు ఆపి, దిగొచ్చే నీళ్లకి కింద చోటు చాలుతుందో లేదో చూసుకుంటారు. కరెంటు పోయిన రాత్రి చూద్దామంటే కుదరదు మరి. సంసారానికీ ఆ పరీక్ష మంచి రోజుల్లోనే పెట్టుకోవాలి. ఏమంటారు?