మనం వాళ్ళ కోసం రాలేదు

1967 జులైలో అమెరికాలో మంకీస్ బ్యాండ్ టూర్ మొదలైంది. టీవీ షో కోసం పుట్టిన బ్యాండ్ అది. వినడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చిన్న వయసు పిల్లలు. ఆ టూర్లో వాళ్ళకన్నా ముందు వాయించడానికి పిలిచింది ఎవర్నో కాదు, జిమీ హెండ్రిక్స్‌ని. అతను స్టేజ్ మీద గిటార్‌తో ఏం చేస్తున్నా పిల్లలు మాత్రం డేవీ జోన్స్ కావాలని అరిచేవాళ్ళు. కొద్ది షోలకే హెండ్రిక్స్ ఆ టూర్ వదిలేసి వెళ్ళిపోయాడు.

ఈ కథని అందరూ ఒకలాగే చెప్తారు. చూశారా, ఎదురుగా ఉన్నది ఎవరో కూడా తెలీలేదు పాపం, అని. నాకా నీతి నచ్చదు. దాని ప్రకారం ముందు పాడేవాళ్ళని మనం ఎందుకు వినాలంటే, రేపు వాళ్ళు హెండ్రిక్స్ అయిపోవచ్చు కాబట్టి. అది వినడం కాదు, లాటరీ టికెట్ కొనడం. ముందు పాడేవాళ్ళలో దాదాపు ఎవరూ హెండ్రిక్స్ కారు. కొన్నాళ్ళు పాడి, ఉద్యోగాల్లో పడి, గిటార్‌ని అటకెక్కించేస్తారు. అసలు ప్రశ్న వాళ్ళ గురించి. మనం టికెట్ కొన్నది తమ కోసం కాదని తెలిసి కూడా మైక్ ముందుకొచ్చే వాళ్ళకి మనం ఏమైనా బాకీ ఉన్నామా?

లేమనే వాదన తీసిపారేసేది కాదు. టికెట్‌కి వేలు పోశాం. ఎండలో క్యూ కట్టాం. మంచినీళ్ళ సీసా గేటు దగ్గరే లాక్కున్నారు. ఫ్రెండ్స్ చాన్నాళ్ళకి కలిశారు, ఎవరో తెలీని బ్యాండ్ పాడుతుంటే కబుర్లాడుకుంటే తప్పేంటి? వాళ్ళ డబ్బులు వాళ్ళకి ముడతాయి కదా! (అన్నిసార్లూ ముట్టవు. కొన్ని టూర్లలో ముందు పాడే బ్యాండే ఆ చోటు కోసం ఎదురు డబ్బు కడుతుంది.)

మనిషిని కేవలం పనిముట్టులా వాడుకోకూడదన్నాడు కాంట్. ఇక్కడ 'కేవలం' ముఖ్యం. బస్సు డ్రైవర్‌ని రోజూ వాడుకుంటూనే ఉంటాం. మనం సీట్లో నిద్రపోయినా అతని పని పూర్తవుతుంది, మెహదీపట్నంలో దిగుతాం. పాట అలా కాదు. వినేవాడు లేకపోతే అది సగంలో ఆగిపోయిన పని. ఓపెనింగ్ యాక్ట్‌ని 'వార్మప్' అనడంలోనే ఉంది చిక్కంతా. పొయ్యి రాజేసే పుల్ల అన్నమాట. మంట అంటుకున్నాక పుల్లతో పనేముంది?

ఏర్పాట్లు కూడా అలాగే ఉంటాయి. సౌండ్ చెక్ ముందు పెద్ద బ్యాండ్‌కి, టైమ్ మిగిలితే వీళ్ళకి. పెద్ద బ్యాండ్ డ్రమ్స్ నల్లగుడ్డ కప్పుకుని స్టేజ్ మధ్యలో తిష్ఠ వేస్తే, వాటి ముందు ఇరుకులో వీళ్ళు సర్దుకోవాలి. ఇంకా పొద్దు ఉంటుంది కాబట్టి లైట్లు వేసినా వేయనట్టే. నేను వెళ్ళిన ఒక కాన్సర్ట్‌లో నలుగురు కుర్రాళ్ళు తమ సొంత పాటలు పాడారు. రెండో పాట ముందు గాయకుడు బ్యాండ్ పేరు చెప్పాడు. మూడో పాట ముందు మళ్ళీ చెప్పాడు. రెయిలింగ్ పట్టుకున్న మొదటి వరసవాళ్ళు స్టేజ్‌కి వీపు పెట్టి, అతను ఫ్రేమ్‌లో పడేలా సెల్ఫీలు తీసుకుంటున్నారు. అతను నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఫోటో బాగా రావాలని కాబోలు.

నాకు పేచీ ఆ మొదటి వరసతోనే. చెన్నై కచేరీల్లో తని ఆవర్తనం మొదలై, మృదంగం ఒక్కటే మోగుతుంటే జనం లేచి క్యాంటీన్‌కి పోతారని పెద్ద ఫిర్యాదు. చెప్పొద్దూ, అందులో నాకు కాస్త మర్యాదే కనిపిస్తుంది. వినదల్చుకోనివాడు చోటు ఖాళీ చేశాడు. రెయిలింగ్ పట్టుకున్నవాడు ఖాళీ చెయ్యలేడు, చేస్తే అసలు బ్యాండ్ వచ్చేసరికి ఆ చోటు పోతుంది. అంచేత ఎవరికైతే వినాలని లేదో వాళ్ళే స్టేజ్‌కి అందరికన్నా దగ్గర. వెనక బిర్యానీ స్టాల్ దగ్గరున్నవాడు వినకపోతే గాయకుడికి తెలీదు. ముందున్నవాడి మొహం మాత్రం కనపడుతుంది. ఆ చోటు తీసుకున్నవాడు దాంతోపాటు ఈ బాకీ కూడా తీసుకున్నట్టే అంటాను. చప్పట్లు అక్కర్లేదు, నచ్చాలనీ లేదు. మొహం అటు తిప్పి ఒకట్రెండు పాటలు వింటే చాలు.

నచ్చకపోతే? 1981 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో రోలింగ్ స్టోన్స్‌కి ముందు పాడిన ప్రిన్స్ మీద జనం సీసాలూ తిండి వస్తువులూ విసిరారు. రెండ్రోజుల తర్వాత రెండో షోకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ విసిరారు. ఇప్పుడు సీసాలు గేటు దాటవు గానీ ఫోన్లు దాటతాయి. 2025 జనవరిలో నవీ ముంబైలో కోల్డ్‌ప్లేకి ముందు పాడిన జస్లీన్ రాయల్ మీద సోషల్ మీడియాలో ఎంత వెటకారమో చూశాం. బాలేదనే హక్కు విన్నవాళ్ళకి ఉంది, కాదనను. కానీ ఆ క్లిప్పులు పంచుకుని నవ్వినవాళ్ళలో స్టేడియంలో నిలబడి విన్నవాళ్ళెందరు? సీసా విసిరినవాడు కనీసం అక్కడున్నాడు.

ఇదంతా చెప్తే మా ఫ్రెండ్ ఒకడు తేలిగ్గా నవ్వేశాడు. వాడు ముందు పాడేవాళ్ళని అస్సలు భరించలేడు. అందుకని ఇంట్లో తిని, తొమ్మిదింటికి తీరిగ్గా వెళ్ళి, వెనకాల ఎక్కడో నిలబడి పెద్ద స్క్రీన్ మీదే చూసి వస్తాడు. అదీ న్యాయమే.